ఇంకని మీసం

ఆ రోజుల్లో మీసం మీద నాకున్న ఆశ, మీసానికి నా మీద ఉండేది కాదు. ఇరవై దాటి మూడేళ్లయినా వానలు తప్పిన ఏడాది కందిచేనులాగా పెదవి మీద అక్కడొక మొలక, ఇక్కడొక మొలక. బడి నన్ను ఎనిమిదిలోనే వదిలేసింది (నేనే వదిలేశానని మా ఇంట్లో చెప్పుకుంటాం). పెద్దమందడి నుంచి వనపర్తికి పోయి ఒక ఫోటో స్టూడియోలో ప్రింటర్ ముందు కూర్చునేవాణ్ని. ఆ ప్రింటర్‌లో మిగతా రంగులు ఒక్కొక్కటే, నలుపులు మాత్రం రెండు. "నల్లదొక్కటే రెండేంది సేటూ, సవతులా?" అని స్టూడియో యజమానిని అడిగాను. "ఒకటి చిక్కటిది. మామూలు కాగితం మీద అక్షరాలకు. నీళ్లు పడ్డా చెదరదు. ఇంకోటి పల్చటిది, నున్నటి ఫోటో కాగితానికి. చిక్కటిది దాంట్లకు ఇంకదు, పైననే కూసుంటది. నువ్వు ఏ కాగితం పెట్టినవో మిషన్‌కు చెప్పు, ఏ నలుపు తియ్యాల్నో దానికి తెలుసు," అన్నాడు. అందులో 'చిక్కటిది' అన్న ఒక్క మాటే నా చెవికెక్కింది.

గద్వాలలో పిల్లను చూడబోయే ముందు ఆ మాట పనికొచ్చింది. అప్పటికే రెండు సంబంధాలు "పిలగాడు మరీ చిన్నగ కనవడుతుండు" అని తప్పిపోయాయి. "ఇదిగూడ తప్పితే ఇగ నేను తిరగ. నీ పిల్లను నువ్వే ఎతుక్కో," అని నాకు సంబంధాలు చూస్తున్న మేనమామ తేల్చేశాడు. చూపులకు పోతే, రాలేని చుట్టాలకు చూపించుకోవడానికి ఒక ఫోటో ఇచ్చిరావాలి. నేను కంప్యూటర్‌లో మీసం కాస్త పెంచి, ఫోటో కాగితం పెట్టి, మిషన్‌కు మాత్రం మామూలు కాగితమని అబద్ధం చెప్పాను. కాటుక దిద్దినట్టు వచ్చింది మీసం. ఫ్యాను కింద ఆరబెట్టి, మీద వేలు పడకుండా అంచులు పట్టుకుని, బస్సులో పసిపిల్లను మోసినట్టు గద్వాల దాకా మోశాను.

వాళ్లది మగ్గాల ఇల్లు. పిల్ల వాళ్ల అవ్వ, పట్టుకు రంగులద్ది అద్ది చేతులు పండిన మనిషి, ఫోటోను చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోటోను చూసింది. "దీంట్ల మీసమున్నది. మొకం మీదేది బిడ్డా?" "మబ్బు పట్టింది గదవ్వా, సరిగ్గ కనవడ్తలేదు," అన్నాడు మామ (బయట ఎండ పేలిపోతోంది). అవ్వ బొటనవేలు నాలుకకు తాకించింది. రంగేసిన పోగు చేతికొస్తే ఆ ఇంట్లో ఎవరైనా ముందు చేసే పని అదే, తడి వేలితో రుద్ది రంగు నిలుస్తుందో లేదో చూడడం. ఒక్క రుద్దుకు ఫోటోలో నా మీసం చెంప మీదుగా చెవి దాకా పోయింది.

అవ్వ నల్లటి వేలు మామకు చూపించి, "కచ్చా రంగు," అంది. మామ చెప్పుల కోసం చూస్తున్నాడు. సేటు చెప్పిన మిగతా ముక్కలన్నీ నాకు అప్పుడు గుర్తొచ్చాయి. "గట్ల గాదవ్వా. అది పక్కా నల్ల ఇంకు. మామూలు కాగితం మీదేస్తే బిందెడు నీళ్లు పోసినా కదలదు. గీ నున్నటి కాగితంల ఇంకదు, అంతే."

"ఇంకనిది ఇంకెట్లయితది పిలగా?"

మగ్గం చాటునుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు ధైర్యమిచ్చింది. "మీసమొక్కటే కంప్యూటర్‌ది అవ్వా. మిగతా మొకం నాదే. కావాలంటే రుద్ది చూడు," అన్నాను. మాటవరసకన్నాను గానీ అవ్వ నిజంగానే లేచొచ్చింది. రెండో బొటనవేలు తడిచేసి నా చెంప గట్టిగా రుద్ది, వేలు ఎండకు పట్టి చూసుకుంది. "ఈ నలుపు పక్కాదే," అని తేల్చి, మామ వైపు తిరిగింది. "చెప్పులిడువయ్యా. చాయ్ తాగుదురు కూసోండ్రి."

ఆ ఫోటో మా బీరువాలో ఇప్పటికీ ఉంది, చెవి దాకా మీసంతో. అసలు మీసం తర్వాత తాపీగా, నిండుగా వచ్చింది గానీ, వచ్చీరాగానే నెరవడం మొదలుపెట్టింది. ఆదివారం ఆదివారం రంగేసుకుని గోడకానుకుని కూర్చుంటాను. ఆనాడు మగ్గం చాటున నవ్విన మనిషి వంటింట్లోంచి వచ్చి, బొటనవేలు నాలుకకు తాకించి, ఒకసారి రుద్ది చూసుకుంటుంది.

"ఇంకా ఇంకలే," అంటుంది.

నేను కదలకుండా కూర్చుంటాను.