అమ్మ ఆరేసిన తమీన్లు

తుపాకీ మడమతో మొదటి దెబ్బ మా ఇంటి అద్దానికే పడింది. ఇల్లంటే మరేం కాదు, నాన్న వ్యాను. బర్మాలో, పబేడాన్ పేటలోని అద్దె గది పోయాక, సంచౌంగ్ పేటలో కాస్త ఉన్నవాళ్ళ సందులో ఆ బండిని ఆపుకుని అందులోనే వండుకుని, అందులోనే పడుకునేవాళ్ళం. అది కూడా పోతే తల దాచుకోవడానికి మాకు దిక్కు లేదు.

సైన్యం గద్దెనెక్కి, వీధుల్లో కాల్పులు మొదలై, ఫోన్లలో నెట్ చచ్చిపోయిన రోజులవి. అంతకు ముందు మాకున్న శత్రువల్లా పక్క మేడలో మొదటి అంతస్తు ఆవిడే. వ్యాను నుంచి కరెంటు స్తంభం దాకా తాడు కట్టి అమ్మ తన తమీన్లు ఆరేసేది. తమీనంటే ఇక్కడి ఆడవాళ్ళు కట్టుకునే లుంగీ. దాని కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని బర్మావాళ్ళ నమ్మకం. "మా ఆయన రోజూ వీటి కిందే పోవాలా? బండి తీసెయ్యండి!" అని ఆవిడ బాల్కనీలోంచి అరిచేది.

అమ్మ ఊరుకునే రకమా! "నాలుగు గుడ్డలకి ఎగిరిపోతే అదేటి తేజస్సే, ఒలమ్మా!" అని తెలుగులో అనేసి, ఆవిడ వైపు తిరిగి చక్కగా నవ్వేది.

అలాంటి ఆవిడ ఓ పొద్దున తనే దిగొచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. సైన్యానికి ఎదురు తిరిగిన ఊరేగింపులో తుపాకులకి చెదిరిన పిల్లలు ఆ మేడ పై అంతస్తులో దాక్కున్నారు. సిపాయిలు జంకుతారని సందు సందునా ఆడవాళ్ళు అడ్డంగా తాళ్ళు కట్టి తమీన్లు వేస్తున్నారు. "నీవి ఇవ్వు," అంది. తన బీరువా నిండా పట్టు తమీన్లున్నాయి. ఒక్కటీ తేలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇయ్యొద్దే అమ్మా, మన మీదకే వత్తారు," అన్నాను.

"పైన పిల్లగుంటలున్నారు, నీకు కనపడ్డంలేదేటి?" అని, కట్టుకున్నది తప్ప అమ్మ అన్నీ ఇచ్చేసింది. ఆవిడ బాల్కనీ నుంచి స్తంభానికి తాడు కట్టి వరసగా వేశారు.

మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే సిపాయిలొచ్చారు. తమీన్లని ముట్టుకోవడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. మా అద్దం పగలగొట్టి, నాన్నని బయటికి ఈడ్చి, వ్యాను టాపెక్కించి వాటిని ఆయన చేతే పీకించారు. "ఎవరివి?" అన్నారు. నాన్న నోరు విప్పలేదు. కిందికి లాగి, చెయ్యి బానెట్ మీద పెట్టించి తుపాకీ మడమతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మళ్ళీ కొట్టారు. నాన్న కేకకి మేడల కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. ఒక్క తలుపు తీస్తే ఏం పోయేది మీకు, అని ఇప్పటికీ తిట్టుకుంటాను.

"నావే! అన్నీ నావే!" అంటూ అమ్మ అడ్డం పడింది. ఒకడు బూటుకాలితో కడుపులో తన్నాడు. ఇంకొకడు నా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. తమీన్లు కుప్పగా పోసి తగలబెట్టారు. మేడ పైకి వెళ్ళకుండానే, మా బియ్యం, గిన్నెలు, దుప్పట్లతో సహా వ్యానుని నడుపుకుని పోయారు. అది సందు మలుపు తిరుగుతుంటే నాన్న విరిగిన చేత్తోనే వెనక పరిగెత్తి పడిపోయాడు.

వాళ్ళు పోయాక మొదటి అంతస్తు ఆవిడ తలుపు తీసింది. ఏడుస్తూ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి నాన్న చేతికి గుడ్డ చుట్టింది. అమ్మ ఒంటి మీదున్న ఒక్క తమీనూ చిరిగి, నెత్తురు మరకలతో ఉంది. ఆవిడ బీరువా తెరిచి ఒక పట్టు తమీన్ అమ్మ ఒళ్ళో పెట్టింది. "కట్టుకో అక్కా," అంది. అన్నాళ్ళూ మమ్మల్ని బండివాళ్ళనే పిలిచేది.

ఇప్పుడా బీరువా తీసేది, అని అడిగేద్దామని నేను నోరు తెరిచాను. అమ్మ లేచి, కడుపు పట్టుకుని బాల్కనీలోకి నడిచింది. తాడు ఇంకా అలాగే ఉంది. ఆ పట్టు తమీన్ దాని మీద వేసింది.

"పిల్లలింకా పైనే ఉన్నారు," అంది బర్మా భాషలో.

ఆవిడ లోపలికి వెళ్ళింది. బీరువాలో మిగిలినవన్నీ రెండు చేతులా పట్టుకొచ్చింది. చిరిగిన తమీన్‌తోనే నిలబడి అమ్మ ఒక్కొక్కటీ అందుకుని తాడు మీద వేసింది.