నటరాజన్ గారి రోదసి రసం

గుడియాత్తం బజారులో పచారీ అంగడి నడిపే నటరాజన్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ తిండి కంటబడినా, అది రోదసిలోకి పోతుందా పోదా అన్నది తేల్చందే నోట పెట్టడు. రుచి సంగతి తరువాత. ముందు అది గాల్లో తేలి కంట్లో పడుతుందా, యంత్రాల సందుల్లో దూరుతుందా, గొట్టంతో పీలిస్తే వస్తుందా అన్నది చూడాలి.

ఈ పరీక్షలో మొట్టమొదట తప్పింది అప్పడం. భార్య పంకజమ్మ పప్పన్నంలోకి వేయించి పెడితే, విరిచి, ఆకులో రాలిన నలుసుల్ని వేలితో చూపించి పక్కన పెట్టేశాడు. మురుకులదీ అదే గతి. పొరుగింటి దేవకి కూతురి సీమంతానికి పంచిన మరమరాల పొరి ఉండకు ఆమె ఎదుటే వంక పెట్టాడు. దోసె మాత్రం దర్జాగా గట్టెక్కింది. పొడి రాలుతుందని వ్యోమగాములు బ్రెడ్డు మానుకుని పల్చటి రొట్టెలు చుట్టుకు తింటారట. ఆ రొట్టె మన దోసెకు తోబుట్టువేనని ఆయన వాదం.

అంగడికి వచ్చినవాళ్ళకూ తప్పేది కాదు. కాఫీపొడికని వచ్చిన ఏసుదాసుకు, పైన ఉండేవాళ్ళు తమ ఒంట్లోంచి పోయిన నీళ్ళనే శుద్ధి చేసి మళ్ళీ కాఫీ కలుపుకుంటారని వివరంగా చెప్పాడు. ఏసుదాసు టీపొడి కట్టించుకుని పోయాడు.

పంకజమ్మకు అసలు ఒళ్ళు మండింది రసం దగ్గర. అంగడి మూసి రాగానే ఆయన వంటింట్లో దూరి, అన్నమూ పప్పూ మెత్తగా ఉడికించి, రసంలో కలిపి రుబ్బి, గుడ్డలో వడగట్టి, మూతా గొట్టమూ ఉన్న ప్లాస్టిక్ సంచుల్లో నింపేవాడు. తరువాత వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు కట్టుకుని తాగి చూసేవాడు. సగం చొక్కా తాగేది. ఆమె ఆయన్ను దాటుకుంటూ వంట చేసుకునేది.

"జోలార్పేట దాటి పోని మనిషికి ఈ రాకెట్టు కూడెందుకు?" అని ఒకరోజు అడిగేసింది.

"పైకి పోతే ముక్కు దిబ్బడేసి రుచి తెలీదంట పంకజా. ఇంగా కారం పడాల," అన్నాడాయన. అడిగినదానికి అది జవాబు కాదు.

ఇంట్లో అసలు దిగులు వేరే ఉంది. వాళ్ళ మిద్దె కట్టిన కాశి మేస్త్రి గోడకు కట్టిన సారవ కర్రల మీదినుంచి పడి వేలూరు ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు చేతులకూ కట్లు, నడుము కదపకూడదు. ఒంట్లో బలం పుంజుకుంటేగాని ఆపరేషన్ చెయ్యలేమన్నారు. కాశి చూస్తే, భార్య మునియమ్మ ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేవాడు. పదిమందికి కూలి పంచిన మనిషి పసిబిడ్డలా తినిపించుకోవడమా అని అతని రోషం. మనిషి ఎండిపోతున్నాడని మునియమ్మ ఫోనులో ఏడ్చింది. నటరాజన్ రోజు విడిచి రోజు బస్సెక్కి చూసివచ్చేవాడు.

ఒకరోజు పంకజమ్మ కూడా వెంట వెళ్ళింది. మంచం పక్కకు చేరగానే ఆయన చేతిసంచీలోంచి రసం సంచి తీసి, మంచం కమ్మీకి కట్టి, గొట్టం కొసను కాశి పెదవుల దాకా తెచ్చాడు. నర్సు చూసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకిది అలవాటే.

"కాశీ, పైనోళ్ళకు కూర్చునేదీ లేదు, పండుకునేదీ లేదు. వాళ్ళకు మనూరి రసం పంపించాలంటే ఉన్నదున్నట్టు చెప్పే నోరు కావాల. నీకంటే ఎవురుండారు?"

కాశి తనంతట తానే పీల్చాడు. కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "మిరియాలు చాల్లేదన్నా. ఇది రోదసికి కాదు, ఆంబూరు దాకా గూడా పోదు," అంటూనే సంచి అడుగంటా లాగేశాడు. నటరాజన్ తలవంచుకుని విని, సంచి కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

పంకజమ్మకు అప్పుడు అర్థమైంది. ఆయన వంటింటి నేల మీద వెల్లకిలా పడుకున్నది కాశి కోసం. ఇన్నాళ్ళూ పిచ్చనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది. రోదసి రసం మొదలయ్యాక కాశి ఒంటికి కండ పట్టిందనీ, వచ్చే వారమే ఆపరేషన్ అన్నారనీ మంచం అవతలున్న మునియమ్మ చెప్పింది.

కాశి గొంతు తగ్గించాడు. "అక్కా, రాకెట్టూ లేదు గీకెట్టూ లేదని నాకు మొదటి దినమే తెలుసు."

"మరి బాగుండాదని ఒక్క మాట అనకూడదా నాయనా? ఆ మనిషి అంత కష్టపడతాండాడే."

"బాగుండాదంటే పరీక్ష అయిపాయె కదక్కా. ఇంగ మళ్ళా ఏమని తెస్తాడు? అందుకే వంక పెడతా ఉండా."

నటరాజన్ సంచి విదిలించుకుంటూ తిరిగి వచ్చాడు. గొట్టం కొసన మిగిలిన చుక్క చూపించి, నువ్వూ రుచి చూసి చెప్పమన్నాడు భార్యను.

పంకజమ్మ వేలి మీద వేసుకుని నాకింది. తన చేతి రసంకంటే బాగుంది.

"పులుపు గూడా తక్కువే," అంది.