టేప్‌రికార్డర్ గౌనుకి కాజా

మన న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో టేప్‌రికార్డర్లకి కూడా బట్టలు కుట్టేవాళ్లు, గుర్తుందా? మా ఇంట్లో దాని తొడుగు నాకు పొట్టిదైపోయిన పూల గౌనే. "దానికి చలేస్తాదేటి?" అని నాన్న నవ్వేవారు. పాట పెట్టాలంటే ముందువైపు ఎత్తాలి. మొత్తం తీసేస్తే అమ్మ ఊరుకునేది కాదు.

నిన్న, ఇప్పటికీ ఆ గౌనులోనే ఉన్న టేప్‌రికార్డర్ పక్కనున్న చిల్లులో ఫోన్ వైరు గుచ్చి, ఫోన్లో ఓ పాత పాట పెట్టాను. తబలా, వయొలిన్ వినిపిస్తున్నాయి గానీ, పాడే మనిషి గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. వైరు మార్చాను. వాల్యూం పెంచాను. లాభం లేదు.

"ఏటయినాదే దానికి? మీ నాన్న కొన్నది. పోయినాదని మాత్రం సెప్పకు," అంది అమ్మ, దిగులుగా.

వైరు చివరనున్న పిన్ను లాగి చూస్తే, గౌను కుచ్చు దాని కింద నలిగిపోయి ఉంది! అందుకే పిన్ను చివరిదాకా దిగలేదు. కుచ్చు పక్కకి జరిపి నొక్కాను. టక్కుమంది. గొంతు గదంతా నిండిపోయింది.

"హమ్మయ్య, వచ్చేసినాది!" అని అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది.

"ఇప్పుడైనా ఆ గౌను తీసేద్దామా అమ్మా?" అన్నాను.

అమ్మ లేచి కత్తెర, సూది, దారం తెచ్చింది. కుచ్చులో పిన్ను పట్టేంత చిల్లు కోసి, దాని చుట్టూ చక్కగా కాజా కుట్టింది.