తెర వెనుక రెండు పెట్టెలు

“సోమవారం చెప్తాను టీచరమ్మా” అన్న మనిషి సోమవారానికి లేరు. బడిలో ఇంటర్వెల్ గంట కొట్టే వేళకు కబురు వచ్చింది. బోగోలు రైలుగేటు దగ్గర రేడియోలు బాగుచేసే దేవదానం గారు ఆదివారం సాయంత్రం గుండెనొప్పితో ప్రభువు సన్నిధికి చేరుకున్నారని. నేను నమ్మలేదు. శనివారం పొద్దున ఆయన కొట్లో కూర్చుని గిటారు వాయించి వచ్చినదాన్ని. ఆయన ఒక ప్రశ్న అడిగారు, నేను జవాబిచ్చాను, అది ఒప్పో తప్పో చెప్పకుండా నవ్వి సోమవారం రమ్మన్నారు. నిజం చెప్పాలంటే, కబురు విన్నప్పుడు దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద సంగతి కడుపులో దాచుకుని, చెప్పకుండా వెళ్లిపోవడం ఏం మర్యాద? ఆ తర్వాత ఏడుపు వచ్చింది. మూడో తరగతి పిల్లలు నన్ను చూసి బెదిరిపోయారు.

దేవదానం గారిని ఈ ప్రాంతంలో ఎరుగనివారు లేరు. పంచాయతీ రేడియో మూగబోయినా, పెళ్లిపందిట్లో మైకు కీచుమన్నా ఆయన కోసమే మనిషిని పంపేవారు. కానీ ఆయనలోని అపారమైన జిజ్ఞాసను, ఆ జిజ్ఞాస కోసం తన మేలును తానే కాదనుకున్న సత్యనిష్ఠను ఎరిగినవారు తక్కువ. ఎరగనివారి కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో-ఇండియన్ ఇంజను డ్రైవరు ఉండేవాడు. ఉద్యోగ విరమణ చేసి తెల్లదొరల సీమకు వెళ్లిపోతూ, ఒడిలో పెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చి వాయించే తన గిటారునూ, దాని యాంప్లిఫయరునూ మా చర్చికి ఇచ్చి వెళ్లాడు. ఆ యాంప్లిఫయరు ఒక మనిషి చంకలో పెట్టుకుని పోగలిగినంత పెట్టె. తీగల మోతను వైరు గుండా తీసుకుని, వెలిగే గాజు వాల్వులతో పెంచి, స్పీకరులో వినిపిస్తుంది. చర్చిలో హార్మోనియం వచ్చినదాన్ని నేనొక్కతెనే కనుక గిటారు నా పాలబడింది. కొన్నాళ్లకు పెట్టె మొరాయించి దేవదానం గారి పాలబడింది. ఆయన దాన్ని ఒక్క పూటలో బాగుచేసి, మూడు రోజులదాకా తిరిగి మూయలేదు.

“ఇట్టాంటిది మనమూ చేయగలం టీచరమ్మా” అన్నారు నాలుగో రోజు.

ఏడాది పట్టింది. మద్రాసు నుంచి పాత సామాను తెప్పించి, ట్రాన్స్‌ఫార్మరుకు తీగ తన చేత్తోనే చుట్టి, నిగనిగలాడే టేకు పెట్టెలో బిగించారు. అందులోనూ అలాంటివే మూడు వాల్వులు, అంతే వెడల్పు స్పీకరు. ఒకటి సీమ పెట్టె అనీ, రెండోది దేవదానం పెట్టె అనీ ఊళ్లో పేర్లు పడిపోయాయి.

రెండు శబ్దాలను పోల్చడమంటే ఏమిటో ఆయన నాకు నేర్పిన తీరు చెబితే గాని ఆ మనిషి అర్థం కారు. కొట్లో అడ్డంగా ఒక దుప్పటి కట్టి, రెండు పెట్టెలతో సహా దాని వెనుక కూర్చున్నారు. నేను ఇవతల గిటారు వాయించాను. “ఇది మొదటిది” అన్నారు. కాసేపాగి, “ఇది రెండోది” అన్నారు. మొదటిది తేనెలా ఉందనీ, రెండోది కొంచెం గరుకనీ, నా పాండిత్యమంతా ఒలకబోశాను. ఆయన దుప్పటి తొలగించారు. రెండో పెట్టెకు అసలు వైరే తగిలించలేదు. రెండుసార్లూ మోగింది ఒక్కటే.

“లేని తేడా ఎంత చక్కంగా చెప్పినావమ్మా!” అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. వారం రోజులు ఆ వీధిన పోలేదు. చివరికి ఆయనే మా ఇంటికి వచ్చి అన్నారు. “చెవి తప్పు చేయలా. నీ మనసు ముందే తీర్పు రాసి పెట్టుకోనుండాది. చెవి దాని మీద సంతకం పెట్టింది, అంతే.” బడిలో పిల్లల తగవులు తీర్చేటప్పుడు ఆ మాట నాకు ఈనాటికీ గుర్తుకొస్తుంది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. రెండింటిలో ఒక్కటే చర్చిలో ఉంచాలని పెద్దలు తీర్మానించారు. దేవదానం పెట్టెను ఎన్నుకుంటే, కావలి వైపు చర్చిలవాళ్లు కూడా అలాంటివే చేయించుకుంటామన్నారు. రేడియోల రిపేరు మానేసి, ఇష్టమైన పని చేసుకుంటూ బతకవచ్చని ఆయన ఆశ. ఆయన భార్య రూతమ్మక్క కొట్టు వెనుక గది ఖాళీ చేసి, సున్నం కూడా వేయించింది.

పరీక్షకు ముందురోజు తన పెట్టె సీమ పెట్టె కంటే ఒక పిసరు గట్టిగా మోగుతోందని ఆయన కనిపెట్టారు. వెంటనే వాల్యూం బొత్తాం వెనక్కి తిప్పి, పెన్సిలుతో గీత పెట్టారు.

“ఉండనీయి అన్నా, కొంచెమేగా” అన్నాను.

“గట్టిగా పలికిందే జనానికి బాగున్నట్టు ఉంటాదమ్మా. అట్ట గెలిస్తే గెలిచేది నా పెట్టె కాదు, ఈ బొత్తాం.”

మర్నాడు చర్చిలో దుప్పటి కట్టారు. ఆయన వెనుక కూర్చుని వైరు మారుస్తుంటే నేను వాయించాను. రెండోది ఆయన పెట్టె అని నాకు మోగీ మోగగానే తెలిసిపోయింది. నా వేళ్లు నా మాట వినలేదు. తీగలను కొంచెం ఒత్తి, కొంచెం ప్రేమగా మీటాయి. వెంటనే దుప్పటి పక్కనుంచి దేవదానం గారి తల బయటికొచ్చింది.

“అయ్యా, టీచరమ్మ చెయ్యి నా పక్షం మాట్లాడతాండాది. మళ్లా మొదటి నుంచి వాయించమనండి.”

అందరూ గొల్లుమన్నారు. నేను తలవంచుకుని, రెండూ ఒకే తీరుగా వాయించాను. సంఘ పెద్ద ఏసురత్నం గారికి చూపు ఆనదు గాని చెవులు బహు చురుకు. ఆయన తీర్పు చెప్పారు: “మొదటిది మనిషి పాడినట్టుండాది. రెండోది అదే మనిషి నోటికి తగరపు రేకు అడ్డం పెట్టి పాడినట్టుండాది.” సీమ పెట్టెకే చేతులు లేచాయి. లేచిన చేతుల్లో, దుప్పటి వెనుక నుంచి, దేవదానం గారిదీ ఒకటి. కావలివాళ్లు మళ్లీ ఆ ఊసెత్తలేదు. సున్నం వేసిన గదిలోకి రూతమ్మక్క పాత రేడియోలను తిరిగి చేర్చింది.

ఆయన కుమిలిపోతారనుకుని ఓదార్చడానికి వెళ్లాను. ఆయన తన పెట్టెను బోర్లించి, వెనక చెక్క ఊడదీస్తున్నారు. “ఏసురత్నం అయ్య చెప్పింది నిజమే. ఆ తగరపు రేకు యాడుండాదో కనుక్కోవాల” అన్నారు. ఆ మాటలో బాధ లేకపోలేదు. కానీ బాధ కంటే కుతూహలం ఎక్కువగా వినిపించింది.

ఆ అన్వేషణ పదేళ్లు సాగింది. సోమవారం సీమ పెట్టెను చర్చి నుంచి అడిగి తెచ్చుకోవడం, శనివారం సాయంత్రానికి భద్రంగా అప్పగించడం. “ఒకమారు ఒక్కటే మార్చాల” అన్నది ఆయన నియమం. దాని వాల్వులు దీంట్లో పెట్టారు. ఏమీ మారలేదు. స్పీకర్లు అటూ ఇటూ మార్చారు. రేకు సగం తగ్గింది. అలాంటి స్పీకరే మద్రాసు నుంచి తెప్పించి బిగించారు. మిగతా సగం ట్రాన్స్‌ఫార్మరులో ఉందేమోనని తీగ విప్పి చుట్టారు, మళ్లీ విప్పి చుట్టారు. ఒకనాటి సాయంత్రం ఆయన పెట్టె అమృతంలా పలికింది. పట్టరాని సంతోషంతో నన్ను పిలిపించారు. తెల్లారి వింటే మళ్లీ తగరమే. ఎందుకో తేల్చడానికి నెల పట్టింది. దీపాలవేళ ఊరంతా స్విచ్చులు వేస్తే కరెంటు తగ్గి, వాల్వులు నీరసించి, గొంతు మెత్తబడుతోంది. “ఊరంతా దీపాలు పెట్టుకుంటే నా పెట్టె బాగా పాడతాది. మంచిదే గదా!” అని నవ్వారు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే స్పీకరు కాగితం చెమ్మగిల్లి శబ్దం మందగిస్తుందని కూడా ఆయనే కనిపెట్టారు. అప్పటి నుంచి మా పోలికలన్నీ గాలి తిరగకముందే.

చివరికి మిగిలింది పెట్టె చెక్క. సీమ పెట్టెది తేలికరకం పల్చని చెక్క, పైన గుడ్డ అంటించారు. ఆయన పాట మీద గౌరవం కొద్దీ మందపాటి టేకు వాడారు. “వాకిలికి పెట్టాల్సిన చెక్కను పాటకు పెట్టినానమ్మా. పదేండ్లు కళ్ల ముందరే ఉంటే కనపడలా” అన్నారు. ఆ నిగనిగలాడే పెట్టెను విప్పేసి, రైలు పార్సిలులో వచ్చిన ఒక పాత పెట్టె చెక్కలతో కొత్తది బిగించారు. అది పోయిన నెల సంగతి.

మొన్న శనివారం నన్ను పిలిచి దుప్పటి కట్టారు. ఒక చరణం వాయించాను. ఆగమన్నారు. రెండో చరణం వాయించాను.

“ఏది ఏదో చెప్పు.”

చాలాసేపు ఆలోచించాను. “తెలియడం లేదన్నా” అన్నాను. నాకు పాత అవమానం గుర్తుకొచ్చింది. “నిజంగా వైరు మార్చారా, లేక నన్ను మళ్లీ ఆట పట్టిస్తున్నారా?” అని అడిగాను. ఆయన నవ్వారు. “ఒక్కరోజు మాట సాక్ష్యం కాదు. సోమవారం ఇంకోమారు వాయించు, అప్పుడు చెప్తాను టీచరమ్మా.”

ఆయన మార్చారా? ఆ జీవితకాలపు శ్రమ ఫలించిందా, లేదా? ఈ ప్రశ్న నన్ను నిలవనీయలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక రూతమ్మక్కను అడిగాను.

“నాకేం చెప్పలేదమ్మా. ఆ మధ్యాన్నం మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు” అంది. ఆ పైన, “శుక్రవారం కూటంలో నువ్వు వాయించు. వైరు నేను మారుస్తా. ఎట్ట మార్చాలో చూపించు” అంది.

శుక్రవారం పొద్దున, గాలి తిరగకముందే, చర్చిలో సంస్మరణ కూటం జరిగింది. అదే దుప్పటి, బొత్తాల దగ్గర ఆయన పెట్టిన పెన్సిలు గీతలు. రెండు పెట్టెల మధ్య తెల్లచీరలో రూతమ్మక్క కూర్చుంది. ఆయనకిష్టమైన కీర్తన ఐదు చరణాలూ వాయించాను. ఈసారి నా వేళ్లు ఎవరి పక్షమూ మాట్లాడలేదు. మాట్లాడనివ్వలేదు. అయిపోయాక దుప్పటి తొలగించి చూస్తే, రూతమ్మక్క నాలుగు వేళ్లు చూపించింది. చరణం చరణానికీ మార్చిందన్నమాట.

ఏసురత్నం గారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, రెండు పెట్టెలనూ చేత్తో తడిమారు.

“రెండు పెట్టెలు ఎందుకు మోయించినావమ్మా? మోగింది డ్రైవరు దొరది ఒక్కటే గదా?”

రూతమ్మక్క ముఖం వెలిగిపోయింది. చటుక్కున లేచి, “ఉండండయ్యా, ఆయనకు చెప్పొస్తా” అంటూ కొట్టు వైపు రెండడుగులు వేసి, అక్కడే నిలబడిపోయింది.

ఆ తెర వెనుక కూర్చోవడానికి అంతటి మనిషిని మేము ఇక చూడబోము. దేవదానం అన్నా, తగరపు రేకు పోయింది.