క్యాసెట్టులో లేని బిట్టు

మా ఆర్కెస్ట్రా వాళ్ళకి జనం ఇచ్చే అతి పెద్ద మెప్పు ఒకటే. పాట అయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి స్టేజి దగ్గరికొచ్చి, "అచ్చం క్యాసెట్టు పెట్టినట్టే ఉందండి" అనాలి. ఆ ఒక్క మాట కోసం నేను సగం జీవితం పాడాను. క్యాసెట్టులాగే ఉండాలంటే క్యాసెట్టే పెట్టుకోవచ్చు కదా, ఇంతమందిమి వ్యానులో ఒకరి మీద ఒకరు పడి ఊళ్ళు తిరగడం దేనికి అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో అనిపించలేదు. ఆ మాట వింటే కడుపు నిండిపోయేది.

రాజమండ్రిలో మా ఆయన నడిపిన చిన్న ఆర్కెస్ట్రా మాది. ఆయన ఫ్లూటు, నేను ఆడగొంతు. నాది ఆత్రేయపురం. పెళ్ళయి వచ్చేదాకా నాకు చేతనైన పని పూతరేకులు తియ్యడం ఒక్కటే. పాట సంగతి పెళ్ళయ్యాక ఆయనే కనిపెట్టారు. సినిమాల్లో పేరున్న ఒక గాయని గొంతు నాకు బాగా కుదురుతుందని ఆయన అనడం, నేను సరేననడం, అంతే. చవితి పందిళ్ళు, తీర్థాలు, షావుకార్ల ఇళ్ళ పెళ్ళిళ్ళు, ఎవరు పిలిస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళం. చర్చి వాళ్ళు పిలిస్తే పాటలు మారేవి, గొంతు మాత్రం ఆవిడదే.

ఆయన క్యాసెట్టు వేసి "పట్టుకో" అనేవారు. నేను పట్టుకునేదాన్ని. పట్టుకోవడమంటే రాగమూ తాళమూ మాత్రమే కాదు, ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటే నేనూ అక్కడే తీసుకోవాలి. ఒకసారి నిడదవోలులో పెళ్ళికొడుకు తండ్రి, బియ్యం మిల్లు ఆయన, పాట అవగానే లేచి నిలబడి, "చరణం చివర ఆవిడ చిన్నగా నవ్వుతారు కదండి, మీరు ఆ నవ్వు మింగేశారేంటండి?" అని పదిమందిలో అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి వంటింట్లో ఆ నవ్వు సాధన చేశాను. పప్పు పొంగిపోతున్నా చూడకుండా నాలో నేను నవ్వుకుంటుంటే మా అత్తగారు కొడుకుని పక్కకి పిలిచి, "దీనికేదైనా గాలి సోకిందేమోరా" అన్నారు. నెల తిరక్కుండా ఆ నవ్వు నా సొంతమైపోయింది. సొంతమైపోయింది అని ఎంత ధీమాగా రాశానో చూడండి.

మా ఆయనకో అలవాటుండేది. రేడియోలో కొత్త పాట రాగానే "ఇది హిందీది" అనేవారు. ఇంకాస్త విని, "ఆ హిందీ వాళ్ళు మటుకు ఎక్కడ కట్టారు, అదీ ఏ దేశానిదో" అనేవారు. కోపం లేకుండా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పేవారు. సినిమాకి వెళ్తే ఇంటర్వెల్ లోపే కథ ఎక్కడిదో తేల్చేసి నాకు మిగిలిన సగం చేదు చేసేవారు.

"మరి మనమో? మనం చేసేదేంటండి?" అని ఒకసారి దెబ్బలాడాను.

"మనం కాపీయే. కాకపోతే ప్రతి పాటకి ముందు ఫలానా సినిమాలోదని మైకులో చెప్పి మరీ వాయిస్తాం. వాళ్ళు చెప్పరు. అదొక్కటే తేడా" అన్నారు. ఆ తేడా మీద ఆయనకి చాలా గౌరవం. అనౌన్సరు సినిమా పేరు చెప్పడం మరిచిపోతే పాట మొదలుపెట్టనిచ్చేవారు కాదు.

ఇక బిట్టు సంగతి. ఒక శివరాత్రికి ద్రాక్షారామంలో ప్రోగ్రాం. అప్పుడే వచ్చిన పాట ఒకటి కచ్చితంగా ఉండాలని కమిటీ వాళ్ళు ముందే చెప్పారు. బయల్దేరే ముందు చివరిసారి విందామని వేస్తే టేప్‌రికార్డరు ఆ క్యాసెట్టుని నమిలేసింది. రెండో చరణానికి ముందు వచ్చే వాద్యాల ముక్క, మేం బిట్టు అంటాం, నలిగి పనికిరాకుండా పోయింది. ఆ ముక్క మావాళ్ళెవరికీ ఇంకా రాలేదు. దుకాణాల్లో ఆ క్యాసెట్టు అయిపోయిందన్నారు. నేను కంగారు పడుతుంటే ఆయన, "నువ్వు పాడు, మధ్యలోది నేను చూసుకుంటాను" అన్నారు.

స్టేజి మీద ఆ చోటు వచ్చింది. ఆయన ఫ్లూటు ఎత్తారు. ఒక పొడుగాటి లాగుడు, కాసేపు ఆగడం, ఆ తర్వాత తేలిగ్గా నాలుగు చిన్న స్వరాలు. మళ్ళీ లాగుడు, మళ్ళీ ఆగడం. అంత జనం ఒక్కసారి సద్దుమణిగారు. ఆ తర్వాత ఈలలు. ఆ రోజు మాత్రం ఎవరూ క్యాసెట్టు పెట్టినట్టుందని అనలేదు. ఒకాయన మాత్రం ఫిర్యాదు చేస్తున్నట్టు, "క్యాసెట్టులో ఇది లేదు కదండీ?" అన్నాడు.

ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళినా "ఆ ద్రాక్షారామం బిట్టు వెయ్యండి" అని చీటీలు వచ్చేవి. అమలాపురం నుంచి ఏలూరు దాకా మిగతా ట్రూపుల వాళ్ళు కూడా ఆ పాటలో మా బిట్టే వాయించడం మొదలుపెట్టారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని నేను నవ్వుకున్నాను. లోపల మాత్రం గర్వంగా ఉండేది. జీవితమంతా ఒకరిది తెచ్చి ఒకరికి వడ్డించిన మా ఇంట్లో, ఆయనదంటూ ఆ ఒక్కటి ఉందనుకునేదాన్ని. ఎప్పుడైనా చుట్టాలు మీరు సొంతంగా ఏం చేశారని అడిగితే, అదుగో, అది చెప్పేదాన్ని.

ఈ మధ్య ఒక సినిమా వచ్చింది. పట్టిసీమ వైపు తీశారట. లాంచీ మీద హీరో, చుట్టూ వందమంది, డప్పులు. ఆ డప్పుల మధ్యలో మా బిట్టు. అదే లాగుడు, అదే ఆగడం, అవే నాలుగు స్వరాలు. పాటంతా దాని మీదే నిలబడింది. ఆటోలో అదే, కిరాణా కొట్టులో అదే, ఎదురింటి పిల్లల ఫోన్లలో అదే. పాట కట్టినాయన ఇంటర్వ్యూలో, గోదావరి గాలిలో విన్నానని చెప్పాడు. గాలికి ఫ్లూటు ఎవరిచ్చారో అడిగినవాళ్ళు లేరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి వినిపిస్తే, "బాగానే కొట్టారు. డప్పులు కొంచెం ఎక్కువయ్యాయి" అన్నారు. పళ్ళు కట్టించుకున్నాక ఆయన ఫ్లూటు ఊదలేరు, అది బీరువా మీద గుడ్డలో చుట్టి ఉంది. మనిషికి ఇంత ఓర్పు పనికిరాదని నేను అరిచాను. అరుస్తుండగానే గురివింద గింజ సామెత గుర్తొచ్చి నోరు చేదయింది. ముప్ఫయ్యేళ్ళు వాళ్ళ పాటలు పాడి పొట్టపోసుకున్నదాన్ని, ఏ మొహంతో అడుగుతాను? అయినా అడగాలనే ఉంది. ఆయన పోయేలోపు ఎవరో ఒకరు అది ఈయనదని అనాలి.

మా అమ్మాయి కాకినాడలో లెక్చరర్. నా బాధ చూడలేక ఎవరిదో పాత పెళ్ళి వీడియో సంపాదించి, ఫోనులోకి ఎక్కించుకుని ఆదివారం వచ్చింది. అందులో మా ప్రోగ్రాం ఉంది, బిట్టు కూడా స్పష్టంగా ఉంది. అది చాలు రుజువుకి. నేను మాత్రం బిట్టు దాకా రాకముందే ఆగిపోయాను. ఎర్ర పట్టుచీరలో నేను పాడుతున్నాను. పెదాలు నావి. గొంతు ఎంత వెతికినా నాది ఎక్కడా లేదు. ఆవిడే పాడుతోంది, ఆవిడే ఊపిరి తీసుకుంటోంది, చరణం చివర ఆవిడే నవ్వింది. ఇంత బాగా చేశానా అనిపించింది. ఆ వెంటనే బాగా అలసటనిపించింది.

అమ్మాయి ఫోను ఆయన ముందు నిలబెట్టి, "నాన్నా, ఈ బిట్టు నేనే కట్టానని ఒక్క మాట చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను" అంది.

ఆయన లుంగీ అంచు సర్దుకున్నారు. "అది నాది కాదమ్మా" అన్నారు.

"మరెవరిదండీ?" అన్నాను నేను. ఏ హిందీదో, ఏ దేశానిదో చెప్తారనుకున్నాను.

"నీదే" అన్నారు. "పెళ్ళయిన కొత్తలో పెరట్లో కుండ బోర్లించి రేకులు తీసేదానివి కదా. గుడ్డ పిండిలో ముంచి కుండ మీద లాగేటప్పుడు ఒక లాగుడు లాగేదానివి. రేకు ఆరేదాకా ఊరుకునేదానివి. అంచు లేపేటప్పుడు నాలుగు ముక్కలు కూనిరాగం తీసేదానివి. నేను టీ తాగుతూ వినేవాణ్ణి. ఆ రోజు స్టేజి మీద ఏం తోచక అదే వాయించాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"అందరూ నాదన్నారు. నువ్వు కూడా అన్నావు. బావుంది, ఊరుకున్నాను" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఎవరిదో చెప్పకుండా నేను వాయించింది అదొక్కటే" అన్నారు.

కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ళు ఊరంతా ఆయనదని డప్పు కొట్టింది నేను. పాటల్లోకి దిగాక కుండ అటకెక్కింది, గొంతు పాడవుతుందని పొగ దగ్గరికి వెళ్ళనివ్వలేదు ఆయనే. ఆ కూనిరాగం ఎప్పుడు మానేశానో కూడా నాకు గుర్తు లేదు.

అమ్మాయికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకా మంచిది! అమ్మా, నువ్వే పాడు. రేకుల పాట అని చెప్పి నెట్‌లో పెడతాను" అని ఫోను నా వైపు తిప్పింది.

నేను గొంతు సవరించుకుని అందుకున్నాను. లాగుడు వచ్చింది, ఆగడం వచ్చింది, నాలుగు స్వరాలూ వచ్చాయి. ఆవిడ గొంతుతో వచ్చాయి. మళ్ళీ ప్రయత్నించాను. ఊపిరి ఆవిడ తీసుకునే చోటే తీసుకున్నాను. మూడోసారి చివర్లో ఆ నవ్వు కూడా దానంతటదే వచ్చేసింది. అమ్మాయి ఫోను మెల్లగా దించింది.

"అలా కాదే, అప్పట్లో నువ్వు అనేది అలా కాదు" అన్నారు ఆయన.

కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. "ఎలా అనేదాన్నో ఒకసారి మీరు అనండి. పట్టుకుంటాను" అన్నాను.