నిమ్మచెట్టుకు పోసిన నీళ్ళు

ఊరందరికీ నీళ్ళు వదిలేవాడి పెరడే అందరికంటే ముందు ఎండిపోయింది.

వాల్వు బాబాయ్ అంటే చిన్నాపెద్దా అందరికీ తెలుసు. నీళ్ళ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా ఆయనది ఒకటే పని. ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వెళ్ళడం, వీధి మొదట్లో మూత తీసి వాల్వు తిప్పడం, గడియారం చూసి మళ్ళీ కట్టెయ్యడం. ఈ ఎండాకాలం నీళ్ళు మూడు రోజులకోసారి, వీధికి నలభై నిమిషాలు. తన వీధికీ నలభయ్యే. ఇంకో పది నిమిషాలు వదిలితే అడిగే నాథుడు లేడు. అయినా వదలడు. అదేదో గొప్పతనం అనుకునేరు, అదేం కాదు. టైము కాగానే చెయ్యి దానంతటదే తిరిగిపోతుంది.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది బాబాయ్ మీ పెరడు," అన్నాడు ఎదురింటి దర్జీ. బాబాయ్ నవ్వాడు. నవ్వాలి కాబట్టి నవ్వాడు.

నిజానికి ఆ పెరడు భార్యది. టమాటాలు, చిక్కుళ్ళు, గులాబీలు అన్నీ ఆవిడ చేతిమీదే పెరిగాయి. చలికాలంలో పక్షవాతం వచ్చి ఆవిడకు ఎడమవైపు పడిపోయింది. అప్పట్నుంచి కిటికీ పక్క మంచమే ఆవిడ లోకం. గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు వానలూ మొహం చాటేశాయి. టమాటాలు పోయాయి, చిక్కుడు పోయింది, గులాబీలు పుల్లలయ్యాయి. ఒక్కొక్కటీ పోతుంటే బాబాయ్‌కి ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదన్న సంగతి మాత్రం తెలుస్తూనే ఉంది. చివరికి కిటికీకి ఎదురుగా ఉన్న నిమ్మచెట్టు మిగిలింది. అదొక్కటైనా ఆవిడ కళ్ళ ముందు పచ్చగా ఉండాలని పట్టుబట్టాడు.

పొద్దున ఆవిడకు ఒళ్ళు తుడిచిన నీళ్ళు పారబొయ్యకుండా బకెట్లో దాచేవాడు. వీపున పుండ్లు పడకుండా ఆ నీళ్ళలో మూతెడు మందు కలపమని డాక్టరు చెప్పాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, వాటిని మగ్గుతో కొంచెం కొంచెంగా చెట్టు మొదట్లో పోసేవాడు. పోస్తున్నంతసేపూ కిటికీ ఊచల్లోంచి ఆవిడతో మాట్లాడేవాడు. గదిలో ఉన్నప్పుడు నోరు పెగిలేది కాదు. అక్కడ తినిపించాలి, పక్కకి తిప్పాలి, దుప్పటి మార్చాలి; చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. బయట మగ్గు పట్టుకుంటే మాత్రం మాటలు వచ్చేవి. ఏ వీధిలో ఎవరు బిందె కోసం తగువు పడ్డారో, ఎవరి కుక్క తన చెప్పు ఎత్తుకుపోయిందో చెప్పేవాడు. ఆవిడ సగం పెదవితో నవ్వేది.

చెట్టు మాత్రం రోజురోజుకీ వాడిపోయింది. ఎండ ముదిరిందనుకుని, దుప్పట్లు జాడించిన నీళ్ళు కూడా తెచ్చి పోశాడు. వాటిలోనూ మందే.

వారానికోసారి వచ్చే నర్సు ఆ సాయంత్రం పెరట్లోకి తొంగి చూసింది.

"బాబాయ్, అవి పిన్నికి తుడిచిన నీళ్ళేనా?"

"అవునమ్మా. ఎందుకు పారబొయ్యడమని."

"అందులో మందుంది కదా. క్రిముల్ని చంపేది వేళ్ళని వదులుతుందా? రోజూ పోస్తే ఏ చెట్టు బతుకుతుంది చెప్పండి."

నర్సు వెళ్ళిపోయాక బాబాయ్ కొమ్మ మీద గోటితో గీకి చూశాడు. లోపల పచ్చదనం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలన్నా చెట్టుకు ఆకులు లేవు. కిటికీలోంచి భార్య చూస్తోంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం కనపడలేదు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు." మాట ముద్దగా వచ్చింది. "ఆకులు రాలడం మొదలైనప్పట్నుంచీ. ఆ మందు వాసన నాకు తెలీదా?"

"అంత ముద్దుగా పెంచుకున్నావు. ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే పొయ్యడం మానేస్తారు. పోసేటప్పుడే కదా మీరు నాతో మాట్లాడేది."

చాలా నెలల తర్వాత మొదటిసారి బాబాయ్‌కి గుండెలో నొప్పి తెలిసింది. నిమ్మచెట్టు కోసం కాదు.

మర్నాడు అదే వేళకు పెరట్లోకి వెళ్ళాడు. బకెట్ లేదు, మగ్గు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ మాట రాలేదు.

"గుమ్మం ఉందిగా," అంది ఆవిడ చివరికి. "లోపలికి రండి."