నాలాను నల్లా అని చాటిన పొద్దు

"ఇప్పుడన్నా నిజం చెప్పు పెద్దమనిషీ. గా పొద్దు నీకు నాలా అని ఇనబడ్డదా, నల్లా అని ఇనబడ్డదా?"

"నీకు నీళ్లొచ్చినయా, లేదా?"

"వచ్చినయి తియ్యి."

"ఇగ ఏదైతేంది?"

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. మధ్యాహ్నం గంజి తాగి, మూతి తుడుచుకుని, నవ్వుకుంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. ఏడ్చాను, ఎందుకు ఏడవను? కానీ ఆ జవాబు గుర్తొస్తే ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చేది. పలకరించడానికి వచ్చినవాళ్లు నాకు మతి తప్పిందనుకున్నారు. వాళ్లకు సంగతి తెలియాలని నా మనవరాలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. నాకు వచ్చిన నాలుగక్షరాలు చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని కూడబలుక్కున్నవి. ఇంత కథ రాయడానికి అవి చాలవు.

అప్పటికి ఇంకా నిజాం రాజ్యమే. నేను శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు కొత్త కోడలిగా వచ్చాను. చెరువు పక్కన పుట్టినదాన్ని, నీళ్లకు కరువెరగను. ఇక్కడ బావి ఉంది గానీ, మా వాడవాళ్లు దాని గట్టు ఎక్కకూడదు. కుండ కింద పెట్టి పక్కకు జరిగి నిలబడాలి. పైవాళ్లు ఎవరైనా వచ్చి, మనసు పుడితే పోస్తారు, లేకపోతే లేదు. నా చేత్తో నేను నీళ్లు పట్టుకోవాలి. అంతకు మించి నాకు కోరిక లేదు. కోక అడగలేదు, కమ్మలు అడగలేదు. పొద్దున లేస్తే మా ఆయనతో ఇదే పోరు.

మా ఆయన డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. ఊరి కమిటీ ఏది అనుకున్నా అది జనానికి తెలియాల్సింది ఆయన గొంతుతోనే. కమిటీ అంటే కొందరు పెద్దమనుషులు. చావడిలో తివాచీ పరుచుకుని కూర్చునేవారు. ఊరికి ఏది ముందు, ఏది వెనుక అని వారాల తరబడి వాదులాట. బట్టల షావుకారుకు బజారులో దీపాలు కావాలి. గింజల వ్యాపారికి మురుగు పోయే నాలా కావాలి, వాన పడితే ఆయన కొట్లోకే పారుతుంది మరి. ఇంకొకాయనకు స్టేషను దాకా బండ్ల బాట కావాలి. నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన వాళ్లం ఆ తివాచీ మీద లేము.

చివరికి నాలా గెలిచింది. కమిటీకి పెద్దను అందరూ సదర్ సాబ్ అనేవారు. మంచివాడే, కానీ ఆయన బుగ్గలో ఎప్పుడూ పాన్ ఉండేది. ఆ బుగ్గతోనే మా ఆయనను పిలిచి చెప్పాడు: "నాలా మంజూరైంది. రేపు పొద్దుగాల పని షురూ. బజారోళ్లను సామాన్లు తీస్కోమను." దుకాణాల ముందు పరిచిన సరుకు తీసేయమని ఆయన ఉద్దేశం. మా దిక్కున సామాన్లంటే ముందు గుర్తొచ్చేవి బిందెలూ గిన్నెలూ.

ఆ సాయంత్రం వీధి వీధికీ డప్పు మోగింది.

"ఇనుండ్రి, ఇనుండ్రి! బజార్ల నల్లా మంజూరైంది! రేపు పొద్దుగాల షురూ! అందరు సామాన్లు తీస్కోని రావాలెనహో!"

నల్లా అంటే తిప్పితే నీళ్లొచ్చే కొళాయి. నేను వాకిట్లోకి ఉరికొచ్చాను. "నిజమేనా?" అని అడిగితే, "నీళ్లిడిసేదాంక ఇంత అన్నం పెడుతవా పెట్టవా?" అన్నాడు.

తెల్లారేసరికి బజారు నిండా ఆడవాళ్లే. మా వాడవాళ్లు, పైవాడవాళ్లు, తురకల గల్లీ వాళ్లు, ఎవరి గుంపు వాళ్లది, అందరి చంకలోనూ బిందె. కొందరు బిందెలకు పసుపు కూడా రాశారు. అక్కడ చూస్తే పారలు పట్టుకుని గుంత తవ్వుతున్న మగవాళ్లు! సదర్ సాబ్ పరుగున వచ్చాడు.

"ఏందమ్మా గీ బిందెలేంది?"

"నల్లా అంటిరి గద సాబ్!"

"నల్లా ఎవరన్నరు? నాలా! నాలా!"

అందరూ మా ఆయనవైపు తిరిగారు. నేను బిందె వెనక్కి దాచుకున్నాను. ఆయన మాత్రం డప్పు పొట్టకు ఆనించుకుని నెమ్మదిగా అన్నాడు: "మీ నోట్ల పాన్ ఉండె సాబ్. బయటికొచ్చేటాలకు గట్లయింది."

గుంపు గొల్లుమంది. పారలవాళ్లు కూడా పారలు వదిలేసి నవ్వారు. సదర్ సాబ్ ముఖం ఆయన పాన్ కంటే ఎర్రబడింది. "నీ డప్పు గుంజుకుంట!" అని అరిచాడు. అప్పుడు గాజులమ్మే ముసలి తురకామె బిందె తెచ్చి గుంతలోనే పెట్టింది.

"అరే మియా, పానీచ్ నై తో నాలా కైకూ? నీళ్లే లేకుంటే గీ నాలాల ఏం పారిస్తరు? మీ మాటలా?"

అంతే, అందరం బిందెలు దింపేశాం. నాలా పోవాల్సిన దారి పొడుగునా బిందెలే. పార వేయడానికి సందు లేదు. గింజల వ్యాపారి తల పట్టుకున్నాడు. ఆయన పెళ్లాం కూడా బిందె పెట్టి కూర్చుందని కాసేపటికి చూసుకున్నాడు పాపం!

ఎండ ఎక్కేలోపు చావడి తివాచీ బజారులోకొచ్చింది. కమిటీవాళ్లు నాలా కొంచెం పొట్టిది చేసి, మిగిలిన ఇటుకా సున్నంతో బావి పక్కన హౌజు కడతామన్నారు. ఎడ్లతో మోట తోలి ఆ తొట్టి నింపాలి, గోడకు నల్లాలు పెట్టాలి. మా వాడవైపు గోడకు వేరే నల్లా. అప్పటి రోజులు అంతే మరి. కానీ నీళ్లు ఒకటే తొట్టివి.

నల్లా తిప్పిన రోజు సదర్ సాబ్ పాన్ ఉమ్మేసి, నోరు కడుక్కుని, మా ఆయన చెవి దగ్గర నిదానంగా చెప్పాడు: "నల్... లా! ఇనబడ్డదా?" ఆ పూట డప్పు కొట్టినట్టు మా ఆయన మళ్లెప్పుడూ కొట్టలేదు. నేను నా చేత్తో నల్లా తిప్పాను. నీళ్లు ఎగిరి నా ముఖాన పడ్డాయి. బిందె నిండి పొర్లుతున్నా కట్టేయలేదు. పొర్లిన నీళ్లన్నీ గలగలా నాలాలోకి పోయాయి.

నిజంగా తప్పుగా విన్నాడా, నా పోరు పడలేక అలా విన్నాడా? పోయేదాకా చెప్పలేదు, దొంగ.

ఏందే బిడ్డా, నువ్వు కూడా నవ్వుతున్నవా? నవ్వుకుంట రాసినవు, దీర్ఘాలు ఎక్కడ పెట్టినవో ఏమో. నాలా ఉన్నకాడ నాలా, నల్లా ఉన్నకాడ నల్లా పడ్డదా? ఏదీ, మొదటికెల్లి సదివి ఇనిపియ్యి.